మైసన్న ముట్టిన గిన్నె

ఆరాధన అయిపోయాక కూడా చాపలు చుట్టకుండా పది మంది చర్చిలోనే కూర్చున్నారంటే ఏదో పంచాయితీ ఉన్నట్టే. ఎల్లారెడ్డి శివారు మాదిగవాడలో చిన్నపిల్లలకు కూడా ఆ సంగతి తెలుసు. ఆ ఆదివారం అట్లా మిగిలినవాళ్లలో స్వామిదాసు గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు. ఆ గోడ కట్టింది అతనే. అరవై రెండేళ్ల మేస్త్రి, సంఘానికి పెద్ద. బడిలో చదివింది మూడో తరగతి. తక్కినదంతా బస్టాండులో పాత పేపర్లు చదివి, రాత్రిళ్లు బైబిలు వాక్యం చదివి సంపాదించుకున్నదే.

పంచాయితీ గిన్నె గురించి.

నెలకు ఒకసారి, మొదటి ఆదివారం, కామారెడ్డి నుంచి పాస్టరు అయ్యగారు వచ్చి ప్రభు సంస్కారం ఇస్తాడు. రొట్టె విరుస్తాడు. ద్రాక్షరసం పోసే వెండిపూత గిన్నె ఒక్కటే ఉంది. స్వామిదాసు తాత కాలం నుంచి అదే గిన్నె. అందరూ బల్ల ముందు మోకరించి, ఒకరి తర్వాత ఒకరు అదే గిన్నెకు పెదవి తాకించి తాగుతారు. వచ్చే ఆదివారం ఆ వరుసలో కొత్తగా ముగ్గురు చేరుతున్నారు. మైసన్న, అతని భార్య, బిడ్డ శ్వేత. పోయిన నెలలోనే అయ్యగారు వాళ్లకు కాలువలో బాప్తిస్మం ఇచ్చాడు. ఆనాడు వాడంతా గట్టు మీద నిలబడి పాట కూడా పాడింది, ఎవరూ నోరు మెదపలేదు. పారే నీళ్లకు ఎంగిలి ఉండదు. గిన్నెకు ఉంటుంది.

మైసన్న డక్కలి. డక్కలివాళ్లు తరతరాలుగా మాదిగల పుట్టుక కథను కిన్నెర మీద పాడి బతికినవాళ్లు. మాదిగలను తప్ప ఇంకెవరినీ చెయ్యి చాచి అడిగేవాళ్లు కాదు. అడిగినా వాకిట్లోనే, గడప ఇవతలే. ఊరు మాదిగలను ఎంత దూరంలో నిలబెట్టిందో, మాదిగలు డక్కలివాళ్లను తమకు అంత దూరంలో నిలబెట్టారు. ఈ వాడ యేసును నమ్ముకున్నాక కిన్నెర కథ వద్దన్నది. కథతోపాటు ఏటేటా పెట్టే బియ్యం, పాత చీరలు కూడా బందు పెట్టింది. ఇచ్చేది మానుకున్న వాడ ఎడం పెట్టేది మాత్రం మానుకోలేదు. అట్లా మానుకోవాలని ఎవరికీ తట్టలేదు.

"నా మనసుల ఏం లేదు పెద్దాయనా," అంటూ లక్ష్మణ్ మొదలుపెట్టాడు. ప్రైవేటు స్కూల్లో లెక్కల సారు, సంఘానికి కార్యదర్శి. "గని ముసలోళ్లు ఉన్నరు. ఆడోళ్లు ఉన్నరు. మైసన్న మూతి పెట్టినంక వాళ్లు పెట్టమంటే పెట్టరు. రేపు సంఘం ఖరాబైతే ఎవరిది జిమ్మేదారి?"

"ఏం జేద్దామంటవ్ మరి?"

"పట్నంల చానా చర్చిలల్ల చిన్న గిలాసలు వచ్చినయ్. ఒక పళ్లెంల నలభై యాభై పడుతయ్. ఎవరిది వాళ్లకే. మైసన్నను తక్కువ జేసినట్టు గాదు, మనం ఆయన ఎంగిలి తాగినట్టు గాదు. దేవునికి గిన్నె ముఖ్యమా, మనసు ముఖ్యమా?"

కూర్చున్న పది మందికీ ఒక్కసారే ఊపిరి ఆడింది. స్వామిదాసుకు కూడా. ఇంత సుళువుగా తెగిన పంచాయితీని అతను తన జన్మలో చూడలేదు.

"మంచిగనే ఉన్నది," అన్నాడు. "బుధవారం నేనే కామారెడ్డి పోయి తెస్త. బిడ్డను జూసినట్టు గూడ అయితది."

స్వామిదాసు ఒప్పుకున్నాడంటే ఇక దానికి తిరుగు లేదు. ఎందుకంటే వాడలో అతని మాటకున్న విలువ ఒక టీ గిలాస దగ్గర పుట్టింది. ముప్పై అయిదేళ్ల కింద ఎల్లారెడ్డి బస్టాండు దగ్గర ఒక హోటల్లో మాదిగలకు పిడి ఉన్న గాజు గిలాసలు వేరే ఉండేవి, బయట మేకులకు తగిలించి. తాగినవాడే కడిగి మళ్లీ తగిలించాలి. ఒకనాడు స్వామిదాసు లోపలి గిలాసలో చాయ్ పొయ్యమన్నాడు. పొయ్యలేదు. మేకులకున్న ఏడు గిలాసలూ తీసి రోడ్డు మీద పగులగొట్టి, హోటల్ ముందు కూర్చున్నాడు. రెండో రోజు పన్నెండు మంది కూర్చున్నారు. పద్నాలుగో రోజు హోటలాయన లోపలి గిలాస తెచ్చి ఇచ్చాడు. ఆ చాయ్ చల్లారిపోయి ఉంది, చక్కెర కూడా లేదు. అంత మంచి చాయ్ తర్వాత తాగలేదని స్వామిదాసు ఇప్పటికీ చెబుతాడు.

అట్లాంటి మనిషి చిన్న గిలాసలు కొనడానికి ఒప్పుకుని, ఇంటికి పోయి కమ్మగా నిద్రపోయాడు.

సోమవారం ఎల్లారెడ్డిలో ఒక ఇంటి స్లాబు పని. మైసన్న రెండేళ్లుగా స్వామిదాసు దగ్గరే కూలి. దోమకొండ వైపు నుంచి వచ్చి వాడ చివర గుడిసె వేసుకున్నాడు. సన్నటి మనిషి, గొంతు మాత్రం పెద్దది. తాతలు కథ చెప్పిన గొంతు. సిమెంటు, ఇసుక మాల్ కలుపుతూ కూడా ఏదో ఒకటి అంటూనే ఉంటాడు.

"మేస్త్రీ, ఒకటి అడుగుత, కోపం జెయ్యకు."

"పని ఆపకుంట అడుగు."

"మొక్కుడైతే ఇంట్ల గూడ మొక్కొచ్చు. పాడుడైతే గుడిసెల గూడ పాడొచ్చు, నా అంత మంచిగ మీ చర్చిల పాడెటోడు లేనే లేడు. మరి దేవుడు గింతమందిని ఒక్కకాడ జమ జేసుడు దేనికి?"

"ఆయనను ఆరాధించెటందుకు," స్వామిదాసు తాపీ ఆపకుండానే చెప్పాడు. ఆ జవాబు అతని నోట్లో ఎప్పుడూ తయారుగా ఉంటుంది.

"అదే అంటున్న. ఆరాధన ఒక్కనితోని గూడ అయితది. ఇటుకలు తెచ్చి ఒక్కకాడ కుప్ప పోసిండ్రంటే ఏదో కట్టుడు ఉంటది గదా. ఏం కడుతున్నడు ఆయన?"

"నీకు ఇయ్యాల పని తక్కువైంది."

మైసన్న నవ్వాడు. పార మీద చెయ్యి ఆనించి, గొంతు తగ్గించి అన్నాడు. "ఆదివారం నాకు గిన్నె ఇస్తరా, ఇయ్యరా? అది చెప్పు చాలు. మా అత్త దోమకొండల కూసొని నవ్వుతున్నది. మాదిగోళ్ల గిన్నెల నువ్వు తాగే రోజు వస్తే నేను గుండు కొట్టించుకుంట అంటున్నది. ఇయ్యకపోతే నేను లొల్లి జెయ్య. సోమవారం పొద్దుగాల గుడిసె విప్పుకొని పోత. బిడ్డ ముంగట మళ్ల వాకిట్ల నిలబడుడు నాతోని గాదు."

"ఇస్తరు, ఎందుకియ్యరు," అన్నాడు స్వామిదాసు. అబద్ధం కాదు. గిలాసలో పోసి ఇస్తారు కదా.

మైసన్న పార కింద పెట్టాడు. దాహమై, మొన్నటి గోడకు నీళ్లు పట్టే పైపు ఎత్తి, చివర బొటనవేలితో నొక్కి నోట్లోకి పట్టుకున్నాడు. పక్కనే ఇటుకల మీద స్వామిదాసు నీళ్ల సీసా ఉంది. నిండుగా ఉంది.

బుధవారం పొద్దున కామారెడ్డి బస్సు లింగంపేట దాటేటప్పుడు ఆ పైపు స్వామిదాసుకు ఎందుకో గుర్తుకొచ్చింది. రెండేళ్లలో మైసన్న ఒక్కనాడు కూడా తన సీసా అడగలేదు. తను ఒక్కనాడు కూడా ఇవ్వలేదు. ఆ మనిషికి పైపు నీళ్లే ఇష్టమనుకున్నాడు. నిజంగా అట్లాగే అనుకున్నాడా, అట్లా అనుకుంటే సుఖంగా ఉంటుందని అనుకున్నాడా? తాడ్వాయి వచ్చేదాకా తేల్చుకోలేకపోయాడు. పక్క సీటాయన చేతిలోని పేపర్లో సగం అడిగి తీసుకుని చదువుతూ కూర్చున్నాడు.

కామారెడ్డిలో అతని బిడ్డ కృపాజ్యోతి నర్సు. డ్యూటీ దిగి నేరుగా గిన్నెల దుకాణానికే వచ్చింది. దుకాణం యాకూబుది. స్వామిదాసుకు పాత దోస్తు, ఆ దుకాణం పైకప్పు వేసింది కూడా స్వామిదాసే.

"చిన్న గిలాసలా? ఉన్నయ్ లే," అని యాకూబు పై అరలోంచి దుమ్ము దులిపి ఒక స్టీలు పళ్లెం దించాడు. పళ్లెం నిండా గుంటలు, గుంటకొకటి బొటనవేలంత గిలాస. "నలభై ఎనిమిది. హైదరాబాద్ నుంచి తెప్పించిన. పోయిన ఏడు ఇద్దరు కొన్నరు. మీ సంఘంల ఏమైంది, ఎవరికన్న బీమారీ వచ్చిందా?"

"బీమారీ ఏం లేదు. శుభ్రం ఉంటది అని."

కృపాజ్యోతి ఒక గిలాస తీసి వెలుగుకు పట్టి చూసింది. "మంచివే బాపు. నర్సుగ నన్నడిగితే గివే మంచివంట. గని ఒకటి చెప్పు. కరోనాల ఎందుకు కొనలే? ముత్తవ్వకు రెండేండ్లు టీబీ ఉండె, ఆమె తర్వాత నేనే తాగేదాన్ని గదా, అప్పుడెందుకు కొనలే?"

"అప్పుడు తట్టలే."

"ఇప్పుడు తట్టేటట్టు ఏమైంది?"

స్వామిదాసు చెప్పాడు. చెబుతుంటే ఆదివారం నాడు వినిపించినంత తెలివిగా వినిపించలేదు. యాకూబు కాగితం చుట్టబోయి ఆగాడు. అంతలో ఫోను మోగింది. లక్ష్మణ్. స్వామిదాసుకు చెవి తక్కువ, ఫోను ఎప్పుడూ స్పీకర్లోనే పెడతాడు.

"పెద్దాయనా, గిలాసలు దొరికినయా? ఒక మాట మర్చిపోయిన. అన్నీ ఒక్క తీరు తీసుకోకు. ఒక మూడు వేరే రంగుయి జూడు, లేకుంటే అడుగుకు ఏదన్న గుర్తు పెట్టించు. కడిగినంక అన్నీ కలిసిపోతయ్ గదా. మా ఇంటామె అడుగుతున్నది, వచ్చే నెల ఏది ఎవరిదో ఎట్ల ఎరుకైతదని."

స్వామిదాసు ఫోను వైపు చూస్తూ నిలబడ్డాడు.

"వినబడుతుందా పెద్దాయనా?"

"వినబడ్డది," అని ఫోను పెట్టేశాడు.

"ఆ మూడింటినీ ఏడ తగిలిస్తరు బాపు?" కృపాజ్యోతి మెల్లగా అడిగింది. "చర్చి బయట మేకు ఉన్నదా, కొట్టాల్నా?"

కన్నబిడ్డ అట్లా అడిగితే చెంప మీద కొట్టినట్టే ఉంటుంది. స్వామిదాసుకు కోపం రాలేదు. యాకూబు పళ్లెం వెనక్కి లాక్కున్నాడు.

"నేను ఇవి అమ్మ పో," అన్నాడు. "అల్లా తోడు, ఇదే దుకాణంల నువ్వు నాకు ఎన్నిసార్లు చెప్పినవ్ ఆ పద్నాలుగు రోజుల ముచ్చట. చెవులు నొచ్చేదాక చెప్పినవ్. ఇప్పుడు మూడు గిలాసలకు రంగు ఏపియ్యాల్నా నీకు?"

"నువ్వు అమ్ముతానన్నా నేను కొన," స్వామిదాసు స్టూలు మీద కూర్చున్నాడు. "చాయ్ చెప్పు."

చాయ్ వచ్చింది. తాగుతూ తాగుతూ, ఎవరూ అడగకుండానే అన్నాడు. "మొన్న మైసన్న అడిగిండు, దేవుడు గింతమందిని జమ జేసి ఏం కడుతున్నడని. నేను కసురుకున్న. నలభై ఏండ్ల నుంచి ఇండ్లు కట్టెటోన్ని, కుప్ప పోసిన ఇటుకలను జూసి ఇల్లు అనుకున్న. మనం మనం కూసొని పాడుకునుడే చర్చి అనుకున్న. ఒకని మూతి తాకిన గిన్నె ఇంకొకడు తాగకుంట ఆయనకు ఏం కట్టుడు అయితది బిడ్డా? గందుకే పెట్టిండు ఆయన, ఒక్క గిన్నె. వద్దన్నోడు తాగాలె, వద్దనిపించుకున్నోడు తాగాలె. అది కాకపోతే మనం వారానికి ఒకసారి దగ్గర కూసునుడు దేనికి?"

"నాకెందుకు చెప్తున్నవ్, ఆడ చెప్పు," అన్నది కృపాజ్యోతి. అన్నది గానీ బస్సెక్కించేటప్పుడు తండ్రి చెయ్యి పట్టుకుని చాలాసేపు వదలలేదు.

ఇంట్లో అంజవ్వ ఉత్త చేతులతో దిగిన మొగుడిని చూసి సంగతంతా పట్టేసింది. నలభై ఏళ్ల కాపురం.

"తేలేదు గదా?"

"తేలే. మైసన్న అందరితోని పాటు అదే గిన్నెల తాగుతడు."

"తాగితే తాగనియ్యి. ఆయన తర్వాత నేను తాగ. ముంగటే చెప్తున్న." అంజవ్వ రొట్టె తిప్పుతూ అన్నది. "నన్ను అంత మాట ఇంత మాట అనకు. మా అవ్వ నన్ను గట్ల పెంచింది. డక్కలోళ్లు నిలబడ్డ కాడ పేడ నీళ్లు చల్లిన చెయ్యి నాది. కడుపుల దేవుతది. నేనేం జెయ్యాలె? నీకు గిలాసలు పగులగొట్టుడు అలవాటు. ఆనాడు నువ్వు హోటల్ ముంగట కూసుంటే, వాకిట్ల పోలీసులను పెట్టుకొని, పొయ్యి మండని ఇల్లు ఎల్లదీసింది నేను."

స్వామిదాసుకు ఆమె మీద కసురుదామనిపించింది. కానీ ఆమె మాట లక్ష్మణ్ మాట కన్నా నయం. మనసులో ఏమీ లేదని చెప్పలేదు, ఉన్నదున్నట్టు చెప్పింది. రొట్టె తిని లేచి అయ్యగారికి ఫోను చేశాడు.

అయ్యగారు చిన్నవాడు. ముప్పై నిండలేదు. అంతా విని గొంతు సవరించుకున్నాడు. "పెద్దయ్యా, మీరు చెప్పింది న్యాయమే. కానీ సంఘం చీలిపోకూడదు. ఐక్యత ముఖ్యం. ఒక నెల ఆగుదాం, అందరికీ బోధిద్దాం."

"అయ్యగారూ, సంఘం చీలే ఉన్నది. ఒక ముక్క లోపల కూసున్నది, ఒక ముక్క గుడిసెల కూసున్నది. ఆ ముక్క లొల్లి జేస్తలేదు గనుక మీకు కనబడ్తలేదు. నెల ఆగుతే ఆయన ఉండడు."

"మరి నన్నేం చెయ్యమంటారు?"

"మీరు ఏం జెయ్యకుండ్రి. రొట్టె విరువుండ్రి, గిన్నె పట్టుకోండ్రి. ఎవరు ముంగట మోకరించాలె, ఎవరు ఎనుక మోకరించాలె అన్నది పెద్ద చూసుకునే పని. అవునా, కాదా?"

"అవును. ఇక్కడ అది మీ పనే."

"చాలు."

ఆ వాడలో వరుస అంటే మాటలు కాదు. ముందు పెద్దలు, తర్వాత మగవాళ్లు, తర్వాత ఆడవాళ్లు, అందరికన్నా చివర కొత్తగా బాప్తిస్మం తీసుకున్నవాళ్లు. ఎప్పటి నుంచో అదే పద్ధతి. చివర తాగినవాడి ఎంగిలి ఎవరికీ అంటదు, కానీ ఆ చివరి చోటు మొదటి నెల ఒక్కటే, గిలాసల ఆలోచన ఆ తర్వాతి నెలల కోసం. సంస్కారం ఇచ్చే ఆదివారం లక్ష్మణ్ ధీమాగా కూర్చోవడానికి కారణం కూడా ఆ వరుసే. గిలాసలు రాకపోతే పోయాయి. మైసన్న చివరివాడు. ఆ తర్వాత గిన్నె నిప్పుల మీద కాచి కడుగుతారు, వచ్చే నెల సంగతి వచ్చే నెల.

మైసన్న కుటుంబం చెప్పులు విడిచిన చోటికి దగ్గరగా చివరి చాప మీద కూర్చుంది. శ్వేత ఇస్త్రీ చేసిన స్కూలు డ్రెస్సులో ఉంది, ఉన్నదాంట్లో మంచి బట్టలు అవే. అయ్యగారు రొట్టె విరిచాడు. గిన్నె ఎత్తి ప్రార్థన చేశాడు. కళ్లు తెరిచి స్వామిదాసు వైపు చూశాడు.

స్వామిదాసు లేచి నిలబడ్డాడు.

"మైసన్నా, నువ్వు, నీ ఇంటామె, శ్వేత, ముంగటికి రాండ్రి."

మైసన్న కదల్లేదు. ఎప్పుడూ ఏదో ఒకటి అంటూనే ఉండే మనిషికి ఆ ఒక్క మాట అర్థం కానట్టు చూశాడు. శ్వేత ముందు లేచింది. తండ్రి మోచెయ్యి పట్టి లేపింది. ముగ్గురూ చాపల మధ్య నుంచి నడుస్తుంటే ఇటువైపు చీర కొంగులు, అటువైపు మోకాళ్లు జరిగాయి.

"పెద్దాయనా, పద్ధతి తప్పుతున్నది," లక్ష్మణ్ లేచాడు. "కొత్తోళ్లు ఆఖరుకు గదా?"

"పద్ధతి నేను మార్చిన. పెద్దను నేనే గదా."

"ఎవరినడిగి మార్చినవ్? కమిటీల చెప్పినవా?"

"చెప్తే మీరు మూడు గిలాసలకు రంగు ఏపిస్తరు." స్వామిదాసు కూర్చున్నవాళ్ల వైపు తిరిగాడు. నిలబడి ప్రసంగం చేసే అలవాటు అతనికి లేదు, చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక నడుము మీద పెట్టుకున్నాడు. "ఇనుండ్రి. ఈ నాలుగు గోడలు నేను కట్టిన. మీరు ఇటుకలు మోసిండ్రు. ఎందుకు కట్టుకున్నం? ఎండల నిలబెట్టినోళ్లం, నీడకు రావాలని కట్టుకున్నం. వచ్చినం. రాంగనే లోపట్నుంచి గొళ్లెం పెట్టుకున్నం. అటు బయట ఇంకొకడు ఎండల ఉన్నడని మనకు యాదికి లేదు. నేను ఒప్పుకుంటున్న, నాకు గూడ లేదు. రెండేండ్లు నా పనికాడ ఆయన గోడకు పట్టే నీళ్లు తాగిండు, నేను జూసి ఊకున్న. దేవుడు మనల్ని నీడకు తెచ్చింది మనం సల్లగ కూసునుడు కోసం గాదు, బయటోన్ని తెచ్చెటందుకు. ఆ పని జెయ్యకపోతే ఇది చర్చి గాదు, మా ఇంటి పశువుల కొట్టం. అది గూడ నేనే కట్టిన. ఇగ నేను ఎక్కువ మాట్లాడ. తాగెటోళ్లు రాండ్రి, తాగనోళ్లు కూసోండ్రి. ఎవలను కొట్టేది లేదు, తిట్టేది లేదు."

అయ్యగారు గిన్నె వంచాడు. మైసన్న తాగాడు. భార్య తాగింది. శ్వేత తాగింది. శ్వేత మోకాళ్ల మీదే ఉండి, ఇంకేమైనా చెయ్యాలా అన్నట్టు అయ్యగారి ముఖం చూసింది. ఆయన ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టాడు.

తర్వాత స్వామిదాసు మోకరించాడు. గిన్నె అంచు మీద తడి ఉంది. పెదవి తాకగానే, నిజం చెప్పాలంటే, మూతి వెనక్కి తీసుకోవాలనిపించింది. అట్లా పెరిగింది అంజవ్వ ఒక్కతే కాదు. మింగాడు. అంతే. ఆ తర్వాత ఏమీ లేదు, ఎప్పటి ద్రాక్షరసమే.

లక్ష్మణ్ చెప్పులు వేసుకునే చప్పుడు వినబడింది. భార్య, ఇద్దరు పిల్లలు వెనకే. ఇంకో నాలుగు ఇండ్లవాళ్లు లేచారు. గుమ్మం దగ్గర కాసేపు రద్దీ అయింది. లోపల మిగిలినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చున్నారు. ఎవరూ ముందుకు రాలేదు. అయ్యగారు గిన్నె పట్టుకుని నిలబడ్డాడు, స్వామిదాసు పక్కన నిలబడ్డాడు. ఎదురుచూడ్డం అతనికి కొత్త కాదు. పద్నాలుగు రోజులు చూసినవాడు.

"జరుగుండ్రి, జరుగుండ్రి," అంటూ ముత్తవ్వ లేచింది. ఎనభై దాటిన ముసలామె, కళ్లు సరిగా కనబడవు. కట్టె పొడుచుకుంటూ వచ్చి, మోకరించలేక నిలబడే నోరు తెరిచింది. తాగి, కొంగుతో మూతి తుడుచుకున్నది. "నాకు టీబీ ఉన్ననాడు నా తర్వాత మీరంత తాగిండ్రు. అప్పుడు నేను గుడ్లనీళ్లు కుక్కుకున్న. ఇయ్యాల మీకు ఏం రోగమొచ్చింది?"

ఎవరో నవ్వారు. నవ్వు వచ్చిన మూల నుంచే ఇద్దరు లేచారు. తర్వాత వరుస కట్టారు. మగవాళ్లు, ఆడవాళ్లు అన్న తేడా లేకుండా కలిసిపోయి వచ్చారు. కొందరు కళ్లు గట్టిగా మూసుకుని తాగారు. ఒకతను పెదవి తాకించీ తాకించనట్టు చేశాడు, స్వామిదాసు చూశాడు, ఏమీ అనలేదు. అంజవ్వ తన చాప మీద నుంచి లేవలేదు. బయటికి పోలేదు, ముందుకు రాలేదు. తల మీద కొంగు కప్పుకుని కూర్చుంది.

ఆరాధన ముగిశాక బయట మైసన్న ఎండలో నిలబడి ఉన్నాడు. "మేస్త్రీ, అయిదు ఇండ్లోళ్లు పోయిండ్రు. నా మూలంగ."

"నీ మూలంగ గాదు. గుడిసె ఇప్పుతవా మరి?"

"దేనికి ఇప్పుత? అత్తకు గుండు కొట్టియ్యాలె, మంగలోన్ని మాట్లాడాలె." అని నవ్వాడు గానీ నవ్వు నిలవలేదు. "వాళ్లు పోతే ఎట్ల మరి? ఆడ అయిదు ఇటుకలు తక్కువ పడ్డయ్ గదా."

స్వామిదాసు అతని వైపు చూశాడు. తను సాయంత్రం ఒక్కడే పోయి లక్ష్మణ్‌ను దులిపి వద్దామనుకుంటున్నాడు. ఏమేమి అనాలో మాటలు కూడా పేర్చుకున్నాడు. మైసన్న మాటతో అవన్నీ చెదిరిపోయాయి.

"నడువు," అన్నాడు. "ఇద్దరం పోదాం. ఇప్పుడే. తెచ్చుకుందాం."

"నేనా? వాళ్ల గడపకా?"

"నువ్వు లేకుంట నేనొక్కన్ని పోతే నన్ను కుర్చీ ఏసి కూసోబెడుతరు. చాయ్ పోస్తరు. ఏం ఫాయిదా?"

చర్చి మెట్ల మీద అంజవ్వ చెప్పులు తొడుక్కుంటూ వింటున్నది. దగ్గరికి వచ్చింది. మైసన్నకు, తనకు మధ్య రెండు మూరల ఎడం ఉంచే నిలబడింది.

"నేను తాగలే," అన్నది, ఇద్దరిలో ఎవరి వైపూ చూడకుండా. "వచ్చే నెల తాగుతనో లేదో గూడ చెప్పరాదు. గని లక్ష్మణ్ ఇంటామె మీ ఇద్దరి మొహం జూస్తే తలుపు తియ్యది. నేను పిలుస్తే తీస్తది. నడువుండ్రి."

ముగ్గురూ వాడ నడుమ నుంచి నడిచారు. ఆదివారం కదా, వాకిళ్లలో కోళ్లు కోస్తున్నవాళ్లు కత్తులు ఆపి చూశారు. లక్ష్మణ్ ఇంటి తలుపు లోపలి నుంచి గడియ పెట్టి ఉంది. టీవీ చప్పుడు వినబడుతోంది. స్వామిదాసు వాకిట్లో ఆగబోయిన మైసన్న భుజం పట్టి గడప దాకా తెచ్చాడు. అంజవ్వ తలుపు తట్టింది.

టీవీ చప్పుడు ఆగింది.

"ఎవరూ?" లక్ష్మణ్ గొంతు.

అంజవ్వ నోరు తెరిచేలోపే స్వామిదాసు జవాబిచ్చాడు.

"సంఘం వచ్చింది సారూ. తలుపు తియ్యి."